ఒక్క ఇఫ్ పెట్టేస్తే పోలా

మా పాత సారు పోయాడన్న వార్త మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పొద్దున టిఫిన్ వేళకు వచ్చింది. మా కంపెనీ ఓనరు, సేట్ పెట్టాడు. ఒక ఫోటో, కింద దీపం, ఆ కింద జోడించిన చేతులు. వెంటనే అందరి చేతులూ మొదలయ్యాయి. ఆయన దగ్గర పనిచేసినవాళ్లు, చేసి పారిపోయినవాళ్లు, ఆయన కుర్చీలో ఉన్నాడని తెలిసి మెట్ల మీద నుంచే వెనక్కి తిరిగినవాళ్లు, అందరూ జోడించారు. నేను ఇడ్లీ తింటున్నాను, చెయ్యి ఖాళీగా లేదు. తర్వాత ఖాళీ అయినా జోడించలేదు.

అంతవరకు బాగానే ఉంది. పోయిన మనిషి గురించి అందరూ మంచి మాటలే అంటారు, నేనొక్కణ్ని ఊరుకుంటే ఎవరికీ లోటు లేదు అనుకున్నాను. మధ్యాహ్నం సునీత వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. సునీత నాతోపాటు ప్రోగ్రాములు రాస్తుంది. వాళ్లది రాయికోడ్ దిక్కు ఊరు. వాళ్ల నాయిన నర్సింలు కౌలు భూమిలో చెరుకు పెడతాడు.

“మా నాయిన ఫోన్ చేసిండు,” అంది. “ఏడుస్తుండు.”

“ఏమైంది?”

“సారు పోయిండని. ‘నా చెరుకు కోపిచ్చిన మారాజు’ అంటుండు.”

నేనిది రాయడానికి కారణం ఆ ఒక్క మాట. ఆ చెరుకు ఆయన కోయించలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ దాని కోతకు అడ్డం కూర్చున్నాడు, అదీ కుర్చీలో మెత్త వేసుకుని. ఇంతమంది చేతులు జోడిస్తున్నప్పుడు ఒక్కడైనా చేతులు విడిగా ఉంచుకుంటే తప్ప ఈ సంగతి ఎవరూ రాయరు.

మా ఆఫీసు జహీరాబాద్‌లో హైవే పక్కన. కింద ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం, పైన మేము. కింద వాళ్లు సుత్తితో కొడితే పైన మా మానిటర్లు వణుకుతాయి. సరిహద్దుకు అవతల ఉన్న ఒక చక్కెర మిల్లుకు ప్రోగ్రాం నడపడం మా పని. మా దిక్కు రైతులు ఎవరు ఎప్పుడు చెరుకు నాటారో అందులో ఉంటుంది. నాటిన వరుసలో ఎవరి వంతు వస్తే వాళ్ల ఫోనుకు కోత పర్మిట్ మెసేజ్ పోతుంది. పర్మిట్ వస్తేనే మిల్లు మహారాష్ట్ర కోత కూలీలను ఆ చేనుకు పంపుతుంది. రాకపోతే చెరుకు నిలబడ్డచోటే పూతకొచ్చి, లోపల రసం పోయి బెండు పడి, ఎండిపోతుంది.

ఈ ప్రోగ్రాం మొత్తానికి మూలం ఆయన రాసిన ఒక క్లాసు. క్లాసంటే, తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, ఒక పనికి కావలసిన సమాచారాన్నీ ఆ పని చేసే పద్ధతినీ కలిపి పెట్టుకునే డబ్బా. తూకానికి ఒక డబ్బా, మెసేజ్‌లకు ఒక డబ్బా, ఇట్ల ఏ పనికి ఆ డబ్బా విడిగా ఉంటే మంచి ప్రోగ్రాం అంటారు. మా సారు ఒక్కటే డబ్బా పెట్టాడు. దాని పేరు ‘రైతు’. తూకం అందులోనే, వరుస అందులోనే, ట్రాక్టర్ నంబర్లు, మెసేజ్‌లు, పండుగ సెలవులు అందులోనే. దేశంలో రైతు మీద చాలా భారం ఉందంటారు. మా రైతు మీద ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే తీసే బాధ్యత కూడా ఉండేది.

ఆయన గురించి చెప్పాలంటే ముందు తుండు గురించి చెప్పాలి. గళ్ల తుండు, కుర్చీ వీపు మీద ఉండేది. వెనక ఎవరైనా వస్తున్న అలికిడి అయితే తీసి మానిటర్ మీద కప్పేవాడు. భోజనానికి పోతూ కప్పేవాడు. ఒకరోజు కరెంటు పోయినప్పుడు కూడా కప్పాడు.

“సార్, ఇప్పుడెట్లాగు ఏం కనిపిస్తలేదు గద,” అన్నాను.

“ఎట్లాగు కాదు అబ్బాయ్, ఎలాగూ,” అన్నాడు.

ఆయనది కోస్తా. ఎప్పుడో ఏదో ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా మాట వినపడితే సరిదిద్దేవాడు. ఆయన కోడ్ సరిదిద్దుతామని మేమంటే మాత్రం తుండు తీసి కప్పేవాడు.

ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు ఉండదు, స్క్రోలింగ్ ఉంటుంది. “సార్, తూకంల తరుగు తీసేది ఏడుంది?” అంటే మౌస్ చక్రం మీద మధ్యవేలు పెట్టి తిప్పడం మొదలుపెడతాడు. రైల్వే గేటు దగ్గర నిలబడి పర్లి ప్యాసింజర్ పోతుంటే చూసినట్టు లైన్లు పోతూనే ఉంటాయి. బండి అయిపోయాక “చూశావా?” అంటాడు. ఏం చూశామో తెలియదు. తల ఊపి వచ్చేస్తాం. మాలో చాలామందికి ఆ తల ఊపడమే అనుభవం కింద లెక్కకొచ్చింది.

సునీత చేరిన కొత్తలో ఆమె రాసిన చిన్న ప్రోగ్రాంను ఆయన అందరి ముందూ రాగం తీసి చదివాడు, బడిలో ఎక్కాలు చెప్పించినట్టు. చదివి, “బావుంది. పుస్తకంలో ఇలాగే ఉంటుంది. చెరుకు పుస్తకంలో పండదు అమ్మాయ్,” అన్నాడు.

“నేను చెరుకు చేన్లకెల్లే వచ్చిన సార్,” అంది సునీత.

“అదే మరి,” అన్నాడు ఆయన. ఏది అదో ఇప్పటికీ తెలియదు. ఇక అడగాలన్నా అవకాశం లేదు.

చలికాలం వస్తే మా మెట్ల నిండా జామపండ్ల వాసన. కోహీర్ జామ. చెరుకు నరికే కాలమూ అదే కాబట్టి పర్మిట్ తొందరగా కావలసినవాళ్లు గంప పట్టుకుని మెట్లెక్కేవాళ్లు. ఇస్త్రీ చొక్కా, భుజం మీద కండువా, చేతిలో గంప. ఒక పెద్దమనిషి వచ్చిన తీరు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే మిగతా అందరూ అట్లనే వచ్చారు.

“నమస్తే సార్. మంచిగున్నరా?”

“రండి రండి. ఏంటి ఇవన్నీ, ఎందుకండీ శ్రమ.”

“మన తోటయే సార్. పిల్లలు తింటరని తెచ్చిన.”

పిల్లలు అంటే మేము. మాకు ఒక్క పండూ రాలేదు.

“మరి మనది జర ముందటికి జరుగుతదా సార్? బిడ్డ లగ్గం ఉంది. ఆలోపల చేను ఖాళీ అయితే ఫికర్ ఉండదు.”

“ఒక్క ఇఫ్ పెట్టేస్తే పోలా,” అనేవాడు ఆయన.

ఇఫ్ అంటే ‘ఇట్లయితే అట్ల చెయ్యి’ అని కంప్యూటర్‌కు చెప్పే వాక్యం. వచ్చినాయన ముందే, తుండు పక్కకు తీసి, టకటకా కొట్టేవాడు: ఈ పేరు, ఈ ఊరు అయితే వరుసలో ముందు పెట్టు. అయిపోయింది. పెద్దమనిషి రెండు చేతులూ పట్టుకుని దండం పెట్టి పోయేవాడు. సారు డ్రాయర్ లాగి ఉప్పుకారం పొట్లం తీసి, జామపండును చాకుతో నాలుగు చీలికలు చేసి, అద్దుకుని తినేవాడు. సగం ఉప్పు కీబోర్డులో పడేది. ఆ కీబోర్డు మీద ఏ అక్షరం నొక్కినా కరకరమనేది.

ఇందులో దాపరికం ఏమీ లేదు. లంచం అంటే ఆయన నిజంగానే బాధపడేవాడు. జామపండు లంచం ఎలా అవుతుంది, కొయ్యకపోతే కుళ్లిపోతుంది అనేవాడు. ఆయన లెక్కలో అది సాయం. వచ్చినవాడికి కాదనకుండా చేసే సాయం. ఆ క్లాసు అంత పెరగడానికి కారణం తెలివితక్కువతనం కాదు. మెట్లెక్కిన ప్రతి మనిషీ అందులో ఒక ఇఫ్ అయి కూర్చున్నాడు. గృహప్రవేశం ఉన్నాయన ఒక ఇఫ్, కొత్త ట్రాక్టర్ కొన్నాయన ఒక ఇఫ్, మా బిల్డింగు యజమాని తోడల్లుడు రెండు ఇఫ్‌లు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. న్యాల్‌కల్ దిక్కు ఊళ్లలో ఎల్లమాస పండుగ నాడు కుటుంబాలు పొలంలోనే కూర్చుని తింటాయి, ఎవరూ కొడవలి పట్టరు. ఆ రోజు ఆ ఊళ్లకు పర్మిట్ పోకూడదని ఆయన ఒక ఇఫ్ పెట్టాడు. అది మంచి ఇఫ్. మిగతావాటి మధ్య అది దొరకడానికే మాకు వారం పట్టింది.

సునీత చేరిన మొదటి సీజన్‌లో నర్సింలు చెరుకు ఎండింది. సంగతి చాలా చిన్నది. ‘రైతు’ క్లాసులో మనిషిని గుర్తుపట్టేది పట్టా పాస్‌బుక్కుతో. భూమి నర్సింలుది కాదు, కౌలు. కాబట్టి చెరుకు పట్టాదారు పేరున ఎక్కింది. ఆ పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. పర్మిట్ మెసేజ్ ఆయన ఫోనుకు పోయింది. ఏదో బ్యాంకోళ్లదనుకుని ఆయన తుడిచేశాడు. వంతు దాటిపోయింది. దాటిన వంతును మా ప్రోగ్రాం వరుస చివర పడేస్తుంది. మిల్లు కూలీలు వచ్చేసరికి గడలు పట్టుకుంటే విరిగేంత తేలికయ్యాయి. నర్సింలు వాటిని పొయ్యిలోకి వాడుకున్నాడు. ఇంకొక్క ఏడాది ఇట్లయితే కౌలు వదిలేసి ఫ్యాక్టరీల్లో కూలికి పోతానన్నాడు.

ఎండాకాలంలో సునీత ఆయన దగ్గరికి పోయింది. నేను పక్క కుర్చీలో ఉన్నాను. ఇప్పుడు చెప్పేది విన్నదే, కల్పించింది కాదు.

“సార్, భూమి ఉన్నోళ్లు వేరు, పంట పెట్టేటోళ్లు వేరు. రైతు క్లాసును విడగొడదాం సార్. మెసేజ్ పంట పెట్టేటాయనకు పోవాలె.”

ఆయన తుండు కప్పలేదు. జాలిగా చూశాడు. “మీ నాన్నగారి సంగతి విన్నాను అమ్మాయ్. నాకు ముందే చెప్పొద్దూ? పేరు చెప్పు. ఒక్క ఇఫ్ పెట్టేస్తే పోలా.”

నేను టైప్ చేయడం ఆపాను. ఒక్క పేరు చెబితే ఆమె ఇంట్లో ఆ ఏడు చెరుకు కోతకొస్తుంది. గంప కూడా అక్కర్లేదు.

“ఒక్క మా నాయినకే ఎందుకు సార్?” అంది సునీత. “మా ఊర్ల కౌలుకు చేసేటోళ్లందరిది గదే కథ. అందరికి అయ్యేటట్టు చేద్దాం.”

“అందరికీ చేస్తే ఇక సాయం ఏముంది అమ్మాయ్?” అన్నాడు ఆయన.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఆయన మీద నాకున్న కోపమంతా పిండితే ఆ ఒక్క వాక్యం వస్తుంది. సునీత పేరు చెప్పకుండా వచ్చి కూర్చుంది. సాయం చేస్తానంటే వద్దన్నదని ఆయన ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు. తాను మాట్లాడకపోవడం కూడా శిక్షే అనుకునేవాడు పాపం.

మేము ఆయనకు చెప్పకుండా ఆ క్లాసుకు నకలు తీసి విడగొట్టడం మొదలుపెట్టాం. దీన్ని రీఫ్యాక్టరింగ్ అంటారు. బయటికి చేసే పని మారకూడదు, లోపల మాత్రం సర్దాలి. పెళ్లివారు భోజనాలు చేస్తుండగా వంటిల్లు మార్చడం లాంటిది. తూకాన్ని తీసి దాని డబ్బాలో పెట్టాం, పాత దాన్నీ కొత్త దాన్నీ నడిపి రెండు జవాబులూ ఒకటేనా చూశాం. తర్వాత మెసేజ్‌లు, తర్వాత సెలవులు. ఒక్కొక్కటి బయటికి తీస్తుంటే ‘రైతు’ సన్నబడుతున్నాడు. చివరికి భూమి ఒకవైపు, పంట పెట్టే మనిషి ఒకవైపు విడిపోయారు. ఆ మనిషి గడిలో సునీత మొదట ఎక్కించిన పేరు వాళ్ల నాయినది కాదు, పక్కింటి కౌలుదారుది. పరీక్ష కోసం అంది. నేను నమ్మినట్టు తల ఊపాను. తల ఊపడం సారు దగ్గర నేర్చుకున్నదే.

దసరాకు ఆయనకు తెలిసింది. మా దగ్గర ఆయుధపూజ గట్టిగా చేస్తారు. కింద దుకాణంలో స్పానర్లకు, పైన మానిటర్లకు, సేట్ బైకుకు అందరికీ బొట్లు. ఆ ఏడాది మేం వచ్చేసరికి దేవుడి పటం ముందు ఒక కాగితాల దొంతర ఉంది. మోకాలెత్తు. ‘రైతు’ క్లాసు మొత్తం ప్రింటు తీయించి, పసుపు కుంకుమ చల్లి, బంతిపూల దండ వేసి, పైన నిమ్మకాయ పెట్టాడు. సేట్ చెప్పులు విడిచి వచ్చి దండం పెట్టుకున్నాడు.

అప్పుడు ఆయన మావైపు తిరగకుండా, పటానికి చెప్తున్నట్టు అన్నాడు. “పిల్లలు దీన్ని ముక్కలు చేస్తామంటున్నారు సేట్‌గారూ. పూజలో పెట్టినదాన్ని కోస్తామంటే మీరే చెప్పండి.”

సేట్‌కు దేవుడంటే భయం, సీజన్ అంటే ఇంకా భయం. “ఏందమ్మా ఇది?” అన్నాడు సునీతతో.

ఆమె నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. “ట్రాక్టర్‌కు గూడ పూజ చేస్తం సేట్. మల్ల సర్వీసింగ్‌కు ఇయ్యమా?”

పూజకు పైకొచ్చిన దుకాణం వాళ్లు పకాలున నవ్వారు. సేట్ కూడా నవ్వి, దేవుడి ముందని ఆపుకున్నాడు. సారు నన్ను ఎగాదిగా చూసి “హాస్యగాడు” అన్నాడు. తర్వాత ప్రసాదం పంచుతూ నా చేతిలో పులిహోర తక్కువ పెట్టాడు. ఇది ఊహ కాదు, పక్కవాడితో పోల్చి చూశాను.

“సీజన్ అయినంక చూద్దాం,” అన్నాడు సేట్. అంటే నర్సింలు చెరుకు మళ్లీ పట్టాదారు పేరునే. సునీత ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవలేదు. “పేరు చెప్తె అయిపోతుండెనా?” అని నన్ను అడిగింది. “చెప్పు, ఇప్పుడు గూడ టైముంది,” అన్నాను. “నువ్వు జర నోరు మూసుకో,” అంది. అడిగింది ఆమే.

సీజన్ మొదలైంది. జామపండ్లు మొదలయ్యాయి. సంక్రాంతి దాటాక ఒకరోజు మిల్లు నుంచి సేట్‌కు ఫోను. ఆ వారం ముందు పెట్టమని సారు ఇఫ్ పెట్టినవాళ్లు ఎంతమందో ఆయనకే గుర్తులేదు. అందరినీ ముందు పెట్టమంటే కంప్యూటర్‌కు ఏం పోయింది, పెట్టింది. గంప మోసిన ప్రతి ఊరికీ ఒకేరోజు పర్మిట్లు పోయాయి. కూలీల ముఠాలు చాలక సొంత మనుషులతో నరికించుకుని మరీ వచ్చారు. చెరుకు ట్రాక్టర్లు మిల్లు గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా నిలబడ్డాయి. బండి మీద గడలు ఎండకు వాడుతుంటే కండువా మనుషులంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతివాడూ తానొక్కడే ముందు అనుకుని వచ్చాడు. ట్రాఫిక్ పోలీసు ఒక గడ లాక్కుని నములుతూ ‘ముందట ఎవలు, ఎనక ఎవలు’ అని అడుగుతున్నాడని మిల్లు మనిషి ఫోనులో చెప్పాడట. అది జవాబు లేని ప్రశ్న. మా క్లాసులో అందరూ ముందే.

సేట్ మెట్లెక్కి వచ్చాడు. “ఏందిది సార్? మిల్లోళ్లు వేరే కంపెనీని చూసుకుంటమంటున్రు.”

సారు స్క్రోల్ చేశాడు. పర్లి ప్యాసింజర్ బయల్దేరింది. సేట్ నిలబడ్డాడు. బండి పోతూనే ఉంది.

“సార్, చూపించుడు కాదు, చెప్పుంరి,” అన్నాడు సేట్.

మౌస్ చక్రం ఆగింది. ఆ గదిలో ఆ శబ్దం లేకుండా ఉండటం నాకు అదే మొదటిసారి. “పిల్లల దగ్గర ఏదో ఉందంటున్నారుగా, అది నడపండి,” అన్నాడు ఆయన. లేచి, తుండు మానిటర్ మీద కప్పకుండా మెడ చుట్టూ వేసుకుని మెట్లు దిగాడు. ఇంకెవరైనా రాస్తే ఇక్కడ కళ్లు తడిచేసుకునేవారు. చలికాలం కదా, మెడకు చలేసి ఉంటుంది.

మర్నాటి నుంచి ఆయన సెలవు. ఉగాదికి సామాను సర్దుకుని వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు.

మేం కొత్తదాన్ని ఎక్కించాం. మిల్లు మనుషులు ఊరూరా తిరిగి కౌలుదార్ల పేర్లు రాసుకొచ్చారు, వాటిలో నర్సింలు పేరు కూడా ఉంది. కొత్తదాంట్లో నాటిన తారీఖే వరుస. నకలుతోపాటు వరుస లెక్కలోకి వచ్చేసిన పాత ఇఫ్‌లను సునీత, నేను ఒక్కొక్కటే చదివి తీసేస్తున్నాం. ఆమె పేరు చదువుతుంది, నేను “లగ్గం,” “ట్రాక్టర్,” “తోడల్లుడు” అంటాను, ఆమె తీసేస్తుంది. అట్ల పోతూ ఒకచోట ఆగింది. నేనూ చూశాను.

నర్సింలు. రాయికోడ్. వరుసలో ముందు పెట్టు.

ఆమె చెప్పలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన కాగితాల్లో సారే పేరు చూసుకున్నట్టున్నాడు. మాట్లాడటం మానేసిన రోజుల్లోనే పెట్టాడు. చెప్పలేదు, గంప అడగలేదు.

అది ఒక్కరోజు కూడా పనిచేయలేదు. చేసే దారే లేదు. ఆ క్లాసులోకి వచ్చేవి పట్టాదార్ల పేర్లే. నర్సింలు అనే కౌలుదారు అందులో లేనే లేడు. లేని మనిషి వస్తే ముందు పంపమని వాకిట్లో కాపలా పెట్టినట్టు ఆ ఇఫ్ ఇన్నాళ్లూ నిలబడింది.

సునీత ఫోన్ తీసి సారుకు చేసింది. స్పీకర్ పెట్టింది.

“సార్, మా నాయిన పేర్న ఒక ఇఫ్ పెట్టిన్రు.”

“ఆఁ. కోశారా?”

“లేదు సార్. అది పనిచెయ్యలే. రైతు క్లాసుల మా నాయిన పేరు ఏడ రాదు. పట్టాదారుదే వస్తది. అందుకే విడగొడదామన్న గద.”

“మరి నాతో చెప్పొద్దూ అమ్మాయ్? ఇంకో ఇఫ్ పెట్టేవాణ్ణి కదా,” అన్నాడు.

నేను టేబుల్ మీద తల ఆనించాను.

“ఇప్పుడు తీసేస్తున్న సార్,” అంది సునీత.

“ఎందుకు? ఉండనీ. అన్నం అడుగుతుందా, బట్ట అడుగుతుందా?”

ఇక్కడ ఒక చిక్కుంది. కొత్తదాంట్లో నర్సింలు ఉన్నాడు. ఆ ఇఫ్ ఉంటే ఇప్పుడు పనిచేస్తుంది, రేపే పర్మిట్ పోతుంది. ఆయన చెరుకు అప్పటికే పూతకొచ్చింది. వరుస ప్రకారం ఆయన ముందు ఇంకా రెండు ఊళ్లున్నాయి. బెండు పడుతుందా లేదా అన్నది ఎండను బట్టి ఉంటుంది, ఆ ఏడు ఎండ ముందే వచ్చింది.

ఫోను పెట్టేశాక ఆమె ఆ లైను చూస్తూ కూర్చుంది. ఏదో ఒక జోకు వేద్దామని చూశాను, రాలేదు. ఆమె తీసేసింది. తీసేసి, నీళ్లు తాగి, తర్వాతి పేరు చదివింది. నేను “గృహప్రవేశం” అన్నాను.

నర్సింలుకు వంతులోనే పర్మిట్ వచ్చింది, ఆయన ఫోనుకే, ఆయన పేరుతోనే. ఎండ అప్పటికే ముదిరింది. గట్టు పక్క చాళ్లు కొంత బెండు పడ్డాయి, మిగతాది నిలబడింది. కౌలు వదల్లేదు. ఆ వారం సునీత ఊరికి పోయి వచ్చి ఇంట్లో జరిగిన మాటలు చెప్పింది.

“ఎవలు పెట్టిన్రు బిడ్డా నా పేరు?” అని అడిగాడట.

“ఎవ్వలు పెట్టలే నాయినా. నీ వంతొచ్చింది.”

“వంతు దానంతట అదొస్తదా? ఎవలో ఒకలు పెట్టకపోతె?”

ఇన్నేళ్లలో ఆ సారు మా దిక్కు జనానికి నేర్పింది ఇదీ. వంతు అనేది ఎవరో ఒకరు పైన కూర్చుని వేస్తేనే పడుతుంది. సునీత అబద్ధం చెప్పదు, అదొక జబ్బు ఆమెకు. సారు ఇఫ్ సంగతి, అది పనిచేయని సంగతి, తాను తీసేసిన సంగతి అన్నీ చెప్పింది.

“పెట్టిండా లేదా?” అన్నాడట నర్సింలు.

“పెట్టిండు గని...”

“గది సాలు.”

తర్వాతి మాటలు ఆయన వినలేదు. విని ఉంటే మొన్న ఫోనులో ఏడ్చేవాడు కాదు, నేను రాసేవాణ్ణీ కాదు.

సారు పోయాడని ఏడ్చిన రెండో రోజు నర్సింలు మా ఆఫీసుకు వచ్చాడు. మా మెట్లు ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా, చేతిలో జామపండ్ల గంప. కోహీర్ దగ్గర రోడ్డు మీద కొన్నాడట, ఆయనకు తోట లేదు. సారు కుర్చీ ఖాళీగా ఉంటే సేట్ అందులో ఫోటో పెట్టించాడు. నర్సింలు గంపను ఫోటో ముందు పెట్టి, చాలాసేపు నిలబడ్డాడు.

“మంచి మనిషి,” అన్నాడు నాతో. “నా అసుంటోని పేరు యాదికుంచుకున్నడు.”

“ఆ పేరు తీసేసింది మీ బిడ్డనే పెద్దయ్యా,” అన్నాను.

“అది గట్లనే చేస్తది,” అన్నాడు. ఆ మాటలో గర్వమూ ఉంది, తిట్టూ ఉంది. దేనిపాలు ఎంతో సునీత కూడా తేల్చుకోలేదు.

ఆయన వెళ్లాక గది నిండా ఆ పాత వాసనే. సునీత ఫోటో వైపు చూడకుండా తన పని చేసుకుంటోంది. నేను గంపలోంచి ఒక పండు తీశాను. పిల్లలు తింటారని ఇన్నేళ్లు వచ్చిన గంపల్లో నాకు దక్కిన మొదటి పండు. సారు డ్రాయర్ లాగితే ఉప్పుకారం పొట్లం అట్లనే ఉంది, కొంచెం గడ్డకట్టింది.

నాలుగు చీలికలు చేశాను. రెండు సునీతకు ఇచ్చాను. కీబోర్డు దూరం జరిపి తిన్నాను.